కిరాయి ఇంట్లోంచి అద్దె ఇంట్లోకి

"మీరేవిట్లండీ?" అని అడిగాడు ఆ ఇంటాయన. మా ఆయన తడుముకోకుండా "సాఫ్ట్‌వేర్ అండీ" అన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ అన్నయ్యగారు, అంటే మా ఆయన అక్క భర్త, నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నారు.

కాకినాడలో మేం చూసిన మూడో ఇల్లు అది. ఆయన అడిగింది ఉద్యోగం కాదు, కులం అని బండెక్కాక అన్నయ్యగారు చెబితే తెలిసింది. నేను పుట్టి పెరిగింది కరీంనగర్‌లో, పద్నాలుగేళ్ళు కాపురం చేసింది హైదరాబాద్‌లో. ఈ మాట ఎప్పుడూ చెవిన పడలేదు. అక్కడ అడగరని కాదు. ఇంటిపేరు కనుక్కుని, నాన్‌వెజ్ వండుతారా అని వాకబు చేసి, వాళ్ళలో వాళ్ళే లెక్క తేల్చుకుంటారు. ఇక్కడ మొహం మీదే, అదీ చివర 'అండీ' తగిలించి మరీ అడుగుతారు. ఆ ఇల్లు మాకు రాలేదు. రెండు రోజులాగి "మా చుట్టాలకి ఇచ్చేశామండీ" అన్నాడు. నెల తర్వాత ఆ వీధిలోంచి వెళ్తే టు-లెట్ బోర్డు అలాగే వేలాడుతోంది.

ఇది 2024 ఏప్రిల్ నాటి సంగతి.

హైదరాబాద్ వదిలేద్దామన్న మాట అంతకు ముందు ఏడాది నుంచే మా ఇంట్లో నలుగుతోంది. మియాపూర్‌లో 2019లో 17 వేలకు దిగిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు కిరాయి 2024 జనవరికి 30 వేలైంది. మెయింటెనెన్స్ ఇంకో 3,800. పాప ఆరో తరగతి ఫీజు లక్షా ఇరవై వేలు, స్కూలు వ్యానుకి ఏడాదికి 30 వేలు. మా ఆయన కంపెనీ వాళ్ళు ఆఫీసు స్థలం తగ్గించుకుని, నెలకి రెండుసార్లు మొహం చూపిస్తే చాలన్నారు. నేను ఇంట్లో కూర్చునే ముగ్గురు వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. అంటే ఇద్దరం గడప దాటకుండా ఉండటానికి నెలకి దాదాపు 34 వేలు కడుతున్నామన్నమాట. లెక్కలు రాసే దాన్ని కాబట్టి ఈ ముక్క నాకు నిద్ర పట్టనివ్వలేదు.

కరీంనగర్ వచ్చేయండి అంది అమ్మ. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఉన్న ఊళ్ళో కాపురం పెట్టే ధైర్యం మా ఇద్దరికీ లేదు. విశాఖపట్నంలో తెలిసినవాళ్ళని అడిగి, అద్దెలు విని ఫోన్ పెట్టేశాం. చివరికి కాకినాడ మిగిలింది. మా వదిన, అంటే మా ఆయన అక్క, అక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటోంది. అన్నయ్యగారిది ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. "రిటైరైనవాళ్ళంతా ఏరి కోరి వచ్చే ఊరు, మీరు కాస్త ముందు రండి" అనేది వదిన. అమ్మ మాత్రం ఫోన్‌లో "గంత దూరం ఎందుకు బిడ్డా? ఆడ మనోళ్ళెవరున్నరు?" అని రోజూ ఒకటే పాట.

బయల్దేరే ముందు ఎక్కువ టెన్షన్ పెట్టింది సామాను కాదు, పాప 'లోకల్' గొడవ. తెలుగు రాష్ట్రాలు దాటే ఏ తల్లిదండ్రులైనా ముందు చూసుకోవాల్సింది ఇదే. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే పరీక్ష రాసి ఇంజనీరింగ్‌లో చేరాలంటే, 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంటర్ రెండేళ్ళూ కలిపి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే పిల్లలు అక్కడి లోకల్. అలా కుదరకపోతే ఏడేళ్ళు వెనక్కి వెళ్ళి, ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. రాష్ట్రం విడిపోయినప్పుడు పెట్టిన పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో తీరిపోతోంది కూడా. మా పాప అప్పుడు ఏడో తరగతిలోకి వస్తోంది. తొమ్మిదికి ముందే మారితే ఏ గొడవా లేకుండా ఆంధ్రా లోకల్ అవుతుంది. కానీ తొమ్మిదిలో చేరాక మనసు మార్చుకోవడానికి వీల్లేదు. ఇంటర్ అయ్యేదాకా ఇక్కడే ఉండాలి. ఆ రాత్రి నేనూ మా ఆయనా కేలండర్ ముందు పెట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాం. 2030 దాకా కాకినాడే.

స్కూల్లో టీసీ అడిగితే, వచ్చే ఏడాది ఫీజు మొదటి విడత కట్టాకే ఇస్తామన్నారు. వచ్చే ఏడాది చదవని పిల్లకి ఫీజేంటని మూడుసార్లు తిరిగితే నాలుగోసారి ఇచ్చారు. స్టడీ సర్టిఫికెట్లు ఒకటో తరగతి నుంచీ తీసుకున్నాను. ఎందుకైనా మంచిదని రెండేసి జిరాక్సులు.

ఇల్లు ఆరో ప్రయత్నానికి దొరికింది. గాంధీనగర్‌లో రిటైరైన హెడ్మాస్టరుగారి మేడ మీద వాటా. 13 వేలు, మూడు నెలల అడ్వాన్సు. ఆయన మమ్మల్ని ఏవిట్లని అడగలేదు. పాపని పిలిచి పదమూడో ఎక్కం అడిగారు. పాప పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయింది. అయినా ఇల్లిచ్చారు.

మే 13న హైదరాబాద్‌లో ఓట్లేసి, 18న సామాను లారీకెత్తాం. ప్యాకర్స్ వాళ్ళు ఫోన్‌లో 32 వేలన్నారు. లోడు ఎక్కించాక "పుస్తకాల పెట్టెలు లెక్కలో లేవు మేడం" అని ఇంకో నాలుగు వేలు వేశారు. డబ్బు సంగతి అలా ఉంచండి. మా వాషింగ్ మిషన్ ముందు తలుపు రకం. దాన్ని కదిలించేటప్పుడు వెనక నాలుగు పొడుగు బోల్టులు బిగించి లోపలి డ్రమ్ము ఊగకుండా చేయాలి. కొన్నప్పుడు మెకానిక్ తీసిచ్చిన ఆ బోల్టులు అయిదేళ్ళుగా వంటింటి సొరుగులో దాచి, కవరులో పెట్టి, కుర్రాడి చేతికిచ్చాను. "మేం చూసుకుంటాం మేడం" అన్నాడు. కాకినాడలో మొదటి రోజు బట్టలేస్తే, స్పిన్ మొదలవగానే మిషను గడగడలాడుతూ బాత్రూమ్‌లోంచి గుమ్మం దాకా నడిచొచ్చింది. రిపేరుకి వచ్చినాయన వెనక్కి తిప్పి చూసి, "లోపల డ్యాంపర్లు విరిగిపోయాయండి. బోల్టులు బిగించకుండా తెచ్చారాండి?" అన్నాడు. ఆ బోల్టుల కవరు డ్రమ్ములోనే దొరికింది, నేనిచ్చినట్టే, ముడి విప్పకుండా. 4,200 అయింది.

కాగితాల పనులు చెప్పుకోవడానికి ఏమీ లేవు, ఒక్క కారు తప్ప. గ్యాసుకి సిలిండర్లు, రెగ్యులేటరు అప్పజెప్పి కాగితం తెచ్చుకుని ఇక్కడ డిపాజిట్ కట్టాం. ఆధార్‌లో అడ్రసు అద్దె అగ్రిమెంటుతో మారింది. ఓటు ఫారం 8తో. కారు దగ్గర మాత్రం చుక్కలు కనబడ్డాయి. పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో నడిపితే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ కావాలి. దానికి ముందు పెండింగ్ చలాన్లన్నీ కట్టాలి, లోను తీరినట్టు బ్యాంకు కాగితం కావాలి, ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోవాలి. మా ఆయనకి తెలియకుండా ఏడు చలాన్లు ఉన్నాయి. అందులో నాలుగు నేను నడిపినప్పటివని ఫోటోలు చూశాక తెలిసింది. ఇక్కడికొచ్చాక లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాం.

తమాషా ఏంటంటే, మా పాత స్కూటరు 2013లో కొన్నది, నంబరు ఏపీ 28. రాష్ట్రం విడిపోకముందు రంగారెడ్డి జిల్లా నంబరది. హైదరాబాద్‌లో పదేళ్ళు అందరూ ఆ నంబరు చూసి "ఆంధ్రానా?" అనేవారు. ఇక్కడ దాన్ని ఎవరూ తేరిపార చూడరు. మా ఇంట్లో అందరికంటే ముందు లోకల్ అయింది అదే.

వచ్చిన మొదటి వారం చేపలు తిందామని వదిన వాళ్ళింటికి వెళ్తే, చెరువు చేపలు వండింది. సముద్రం పక్కనే ఉంటూ ఇదేంటని అడిగాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధమట, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయట. మేం సరిగ్గా ఆ మధ్యలో దిగాం. జూన్ నెలాఖరులో అన్నయ్యగారు తెల్లవారుజామునే కుంభాభిషేకం రేవుకి తీసుకెళ్ళారు. చందువలు ఇంకా మెరుస్తున్నాయి. బేరం నాకు రాదని అన్నయ్యగారు నన్ను వెనక నిలబడమన్నారు. ఇప్పుడు నేనొక్కదాన్నే వెళ్తున్నాను, అయినా ఆయనకంటే యాభై ఎక్కువే ఇచ్చి వస్తాను.

ఉక్క గురించి ఎవరూ చెప్పలేదు. హైదరాబాద్ ఎండ మాడుస్తుంది కానీ నీడలో నిలబడితే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ నీడలోనూ చెమటే. ఉతికిన జీన్స్ రెండు రోజులకీ చల్లగా తగులుతుంది. ఉప్పు డబ్బాలో ముద్దవుతుంది. వానాకాలంలో అల్మారాలో మా ఆయన తోలు బూట్ల మీద తెల్లగా బూజు పట్టింది, కిటికీ ఊచలు ఏడాదికే తుప్పు రాల్చాయి. ఏసీ లేకుండా అక్టోబరు దాకా గడవదు. మియాపూర్‌లో సగటున 1,400 వచ్చే కరెంటు బిల్లు ఇక్కడ 3,200. ఇంకోటి, ఇక్కడ హైదరాబాద్ కంటే పావుగంట ముందే తెల్లారుతుంది, పావుగంట ముందే పొద్దు గూకుతుంది. వినడానికి పావుగంటే. డిసెంబరులో అయిదున్నరకల్లా దీపం పెట్టుకునేసరికి మొదటి చలికాలం నాకు ఏదోలా ఉండేది.

మాట దగ్గర పడ్డ తిప్పలు వేరు. రైతుబజారులో "ఆలుగడ్డ కిలో ఎంత?" అంటే కూరగాయలావిడ "ఏటండీ?" అంది. చేత్తో చూపిస్తే "బంగాళాదుంపలాండీ! తెలంగాణానాండీ తమరిది?" అని చుట్టుపక్కల నలుగురికీ వినబడేలా అడిగింది. ఉల్లిగడ్డ ఉల్లిపాయైంది, చక్కెర పంచదారైంది, కిరాయి అద్దె అయింది. ఒక్క కూరగాయ మాత్రం నన్ను నవ్వించింది. మా నాయనమ్మ ఆనిగెపుకాయ అనేది. హైదరాబాద్ వచ్చాక అది మొరటని నేను సొరకాయ అనడం నేర్చుకున్నాను. ఇక్కడ బండి మీద అరుస్తూ వస్తాడు, "ఆనపకాయలో!" అని. ఇంత దూరం వచ్చి నాయనమ్మ మాటనే మళ్ళీ పట్టుకున్నాను.

ఇక అందరూ అన్నీ అడుగుతారు. ఎంత జీతం, ఒక్కతేనా పిల్ల, ఇంకోళ్ళని కనలేదేం, మీ ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడేం, ఉద్యోగం పోయిందా? ఈ చివరి ప్రశ్న పాలబ్బాయి, ఇస్త్రీ ఆయన, ఎదురింటి మామ్మగారు ముగ్గురూ వేశారు. మియాపూర్‌లో అయిదేళ్ళున్నా పక్క ఫ్లాటు వాళ్ళ పేరు నాకు కొరియర్ కవర్ల మీద చూసి తెలిసింది. ఆ నిశ్శబ్దం ఎంత సుఖమో ఇక్కడికొచ్చాకే అర్థమైంది. మొదటి ఆరు నెలలు పాలకి వెళ్ళాలన్నా చున్నీ సర్దుకుని, జవాబులు సిద్ధం చేసుకుని మెట్లు దిగేదాన్ని.

ఆ ఏడాది బతుకమ్మకి తంగేడు, గునుగు ఎక్కడా దొరకలేదు. కడియపులంక పూల మార్కెట్ నుంచి వచ్చే బంతి, చామంతి మాత్రం కుప్పలు. హైదరాబాద్‌లో పండగ రోజుల్లో పావుకిలో కొనడానికి ఆలోచించేదాన్ని, ఇక్కడ సంచి నిండా తెచ్చి మేడ మీద తాంబాలంలో పేర్చాను. గునుగు లేని బతుకమ్మ ఎంత పేర్చినా బోడిగానే ఉంది. నేనూ పాపా వదినా ముగ్గురం చుట్టూ తిరుగుతుంటే మాస్టారి భార్య పైకొచ్చి చూసి, "ఇదేం నోమమ్మా?" అంది. నోము కాదు పిన్నిగారూ అని చెప్పబోయి, ఏమని చెప్పాలో తెలియలేదు. ఆవిడ కాసేపు నిలబడి, కిందికెళ్ళి పసుపూ కుంకుమా, నాలుగు అరటిపళ్ళూ తెచ్చి బతుకమ్మ ముందు పెట్టింది. రెండో ఏడాది అమ్మ కరీంనగర్ నుంచి బస్సు డ్రైవరు చేతికి గునుగు కట్టలిచ్చి పంపింది. చేరేసరికి సగం వాడాయి. అయినా పేర్చాం.

ఇప్పుడు డబ్బు లెక్క. వచ్చే ముందు నా పుస్తకంలో రాసుకున్నది: ఇంటి మీద నెలకి 20,800 మిగులు. పాప ఇక్కడి స్కూలు ఫీజు 60 వేలు, సైకిల్ మీదే వెళ్తుంది, అక్కడ నెలకి 7,500 మిగులు. మొత్తం 28,300. నిజంగా మిగిలింది అందులో పదహారున్నర వేలు. కరెంటు 1,800 తినేసింది. మా ఆయన నెలకి రెండుసార్లు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో లింగంపల్లి వెళ్ళి రావడం, అక్కడి ఖర్చులతో కలిపి ఆరు వేలు. కరీంనగర్ ఇదివరకు మూడున్నర గంటల బస్సు, ఇప్పుడు ఒక రాత్రీ ఒక పూటా. సగటున 2,500. మిగతా 1,500 చదివింపులు. మియాపూర్‌లో మమ్మల్ని పెళ్ళికి పిలిచేంత పరిచయం ఎవరికుంది? ఇక్కడ మాఘమాసం వస్తే వీధిలో ప్రతి శుభలేఖా మా గుమ్మం ఎక్కుతుంది.

పుస్తకంలో వేరే పేజీ పెట్టాల్సి వచ్చింది ఒకటుంది. చుట్టాలు. కరీంనగర్, జగిత్యాల నుంచి ఎవరికి అన్నవరంలో వ్రతం మొక్కున్నా మా ఇల్లే సత్రం. వ్రతం చేసుకుని, ఆకు పొట్లంలో ప్రసాదం తెచ్చుకుని, ద్రాక్షారామం, పిఠాపురం చూసి, ఉప్పాడలో జాందానీ చీరలు బేరమాడి, వెళ్ళేటప్పుడు కాజాలు అడుగుతారు. మా మేనత్త అయితే "ఇది పొరలు పొరలుగా ఉండాలె గదనే" అని నా మీదే అలిగింది. పొరలది తాపేశ్వరం మడత కాజా అత్తా, కాకినాడది గొట్టం కాజా, కొరికితే పాకం కారుతుంది అని ఎంత చెప్పినా వినలేదు. తాపేశ్వరం వెళ్ళి తెచ్చాం.

ఒక లాభం మాత్రం నేను ఊహించలేదు. సంక్రాంతికి ఊరంతా హైదరాబాద్ నుంచి ఇటు కొట్టుకుపోతుంటే మేం ఇక్కణ్ణుంచి అటు వెళ్తాం. రిజర్వేషన్లు అరవై రోజుల ముందు తెరిచిన నిమిషంలో అయిపోయే రోజుల్లో మాకు ఎదురు రైల్లో కింద బెర్తులు దొరుకుతాయి. పండగయ్యాక తిరిగొచ్చేటప్పుడూ అంతే. పండక్కి తత్కాల్ కోసం కూర్చునే పనే లేదు.

2025 అక్టోబరు 28న మొంథా తుఫాను కాకినాడ మీదికే వస్తోందన్నారు. ముందుగానే స్కూళ్ళు మూసేశారు. మాకు తుఫానంటే టీవీలో చూడటమే. మధ్యాహ్నం మాస్టారు పైకొచ్చి, మా వసారా రేకులు చేత్తో ఊపి చూసి, "ఇవి ఉంటాయో లేదో చెప్పలేనమ్మా, రాత్రికి కిందికి వచ్చేయండి" అన్నారు. బక్కెట్లు, బిందెలు, ఆఖరికి పప్పు గిన్నెల్లో కూడా పిన్నిగారు నీళ్ళు పట్టించింది. చీకటి పడ్డాక కరెంటు పోయింది. గాలి ఈల వేస్తుందని పుస్తకాల్లో చదివాను, ఆ రాత్రి విన్నది ఈల కాదు. లారీ ఇంజను ఆపకుండా ఇంటి చుట్టూ తిరుగుతున్నట్టుంది. పిన్నిగారు కొవ్వొత్తి వెలుగులో జీడిపప్పు వేసి ఉప్మా చేసింది. మాస్టారు పాపకి మళ్ళీ పదమూడో ఎక్కం పెట్టారు. ఈసారి పాప చివరిదాకా చెప్పేసి, "పధ్నాలుగు కూడా చెప్పమంటారాండీ?" అంది. ఆ 'అండీ' విని మా ఆయన నా వైపు చూశాడు. అర్ధరాత్రి దాటాక ఎవరో ఫోన్ చేసి, నరసాపురం వైపు తీరం దాటేసిందన్నారు. తెల్లారి చూస్తే రేకులు ఉన్నాయి, కొబ్బరి మట్ట పడి స్కూటరు అద్దం విరిగింది. ఉప్పాడ రోడ్డు మళ్ళీ కోసుకుపోయిందని అన్నయ్యగారు చెప్పారు.

మొన్న ఆదివారం మాస్టారు మెట్ల దగ్గర ఆగి, "రెండేళ్ళయింది కదమ్మా, మే నుంచి అద్దె 15 వేలు చేద్దామనుకుంటున్నాను, నీ వీలు చూసి చెప్పు" అన్నారు. రెండు వేలు ఒకేసారి ఎక్కువే. వీధిలో వాటాలు ఎంతకి పోతున్నాయో నేను కనుక్కున్నాను, 14 దాటలేదు. మియాపూర్ ఓనరుతో అయితే ఈ లెక్క వాట్సాప్‌లో పెట్టి, ఇంకో అయిదు వందలు తగ్గించుకునేదాన్ని. మూడు రోజులైంది. వదిన రోజూ ఫోన్ చేసి "అడిగావా?" అంటోంది. ఇందాక కిందికి దిగాను. పిన్నిగారు తలుపు తీసి, "రామ్మా, ఇప్పుడే దింపాను" అని వేడి వేడి ఆవ పెట్టిన పనసపొట్టు కూర గిన్నెలో పెట్టిచ్చింది. తీసుకుని పైకొచ్చేశాను. రేపు అడగాలి.